మినికాయ్‌లో ఏరు

మా గంగులు మావతో మీరు ఏ కబురు మొదలుపెట్టినా సరే, అది తిరిగి తిరిగి అరేబియా సముద్రంలో, లక్షదీవుల దగ్గర తేలుతుంది. ఇందులో మినహాయింపు లేదు. ఎండలు మండిపోతున్నాయనండి, బెండకాయలు ముదిరిపోయాయనండి, ఫలానావాళ్ళ అల్లుడు ఉద్యోగం మానేశాడట అనండి. మూడో మాటకల్లా మావ ఓడెక్కుతాడు, నాలుగో మాటకి మిమ్మల్ని కూడా ఎక్కిస్తాడు. ఆ తరవాత దిగడం అన్నది ఆయన దయ, మీ ప్రాప్తం.

మాది బంగాళాఖాతం ఒడ్డు. కోటబొమ్మాళి నుంచి తూర్పుకి వస్తూ వస్తూ ఉంటే, తారు రోడ్డు అయిపోయి, ఇసక మొదలై, ఇక ముందుకి దారి లేదనిపించే చోట గుల్లపాలెం ఉంటుంది. వీధి చివర ఇంత సముద్రం పెట్టుకుని ఎక్కడో పడమటి సముద్రం గురించి మాట్లాడే మనిషి మా జిల్లా మొత్తానికి ఈయన ఒక్కడే. వయసులో ఉండగా కొచ్చి వెళ్ళాడు. అక్కణ్ణించి జెట్టీ కట్టే కాంట్రాక్టరు వెంట లక్షదీవులకి పోయి రెండేళ్ళు సిమెంటు బస్తాలు మోశాడు. ఆయన మోసింది రెండేళ్ళే. మా చెవులు ముప్ఫై ఏళ్ళుగా మోస్తున్నాయి.

నా పేరు శివాజీ. తెప్పలు ఒడ్డుకి చేరే చోట నాకు టిఫిన్ బండి ఉంది. మా వైపు చేపల వేటకి పోయే చిన్న పడవని తెప్పే అంటాం, అది ఫైబరుదైనా సరే. మావ మా అమ్మకి సొంత తమ్ముడు కాబట్టి నా బండి పక్కనున్న బల్ల ఆయనకి పిత్రార్జితం. పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు. గారె అడుగుతాడు. తినడానికి అనుకుంటే మీకు మా మావ తెలియదన్నమాట.

“ఒరే అల్లుడూ, ఇటు సూడు. ఇది అటోలు,” అని గారెని పళ్ళెం మధ్యలో పెడతాడు. ఒకప్పుడు సముద్రంలో నిప్పులు కక్కే కొండ ఒకటి ఉండేదట. అది చల్లారి నెమ్మదిగా కుంగిపోతూ ఉంటే, దాని అంచుని పట్టుకుని పగడపు పురుగులు పైకి పైకి కట్టుకుంటూ వచ్చాయట. కొండ మునిగింది, అంచు మిగిలింది. ఆ అంచు గారె. చిల్లులో గరిటెడు సాంబారు పోస్తాడు. అది లాగూను, అంటే గట్టు లోపల కదలకుండా పడుకునే పచ్చటి నీళ్ళు. పళ్ళెం నిండా ఇంకో రెండు గరిటెలు పోస్తాడు. అది సముద్రం. గారెకి తూర్పు అంచున కొబ్బరి పచ్చడి కొంచెం రాస్తాడు. అది మనుషులుండే దీవి. తూర్పు అంచునే ఎందుకంటే, వానాకాలం గాలీ అలలూ పడమటి నుంచి కొడతాయి, ఆ దెబ్బ పడమటి గట్టూ లాగూనూ కాస్తాయి, దీవి వెనకాల చల్లగా ఉంటుంది.

ఇంత చెప్పేసరికి గారె నాని ముద్దయిపోతుంది. మావ దాన్ని జాలిగా చూసి, “సూసినావా, సముద్రం పెరిగితే ఆల్ల గతి ఇదే,” అని కొత్త గారె అడుగుతాడు. ఆ లెక్కన నా బండి దగ్గర ఎన్ని దీవులు మునిగిపోయాయో నాకూ సాంబారుకే తెలుసు.

పెళ్ళి భోజనాల్లో అయితే మరీ ప్రమాదం. బంతిలో మావ పక్క విస్తరి ఎవరికి పడితే వాళ్ళ చారులోకి పెరుగు వచ్చేసేది, పాఠం మాత్రం అయ్యేది కాదు. రెండో బంతి వాళ్ళు వెనకాల నిలబడి ఆకలితో కాళ్ళు మార్చుకునేవాళ్ళు. ఇలా కాదని ఓ పెళ్ళిలో వడ్డించేవాళ్ళంతా కూడబలుక్కుని, మావ కూర్చున్న వరసకి గారెలు ఆపేసి బూరెలు వేశారు. చిల్లు లేదు కదా, ఇంకేం చెబుతాడులే అని వాళ్ళ ధీమా. మావ బూరెని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ఆండ్రోత్. అన్నిటికన్నా పెద్ద దీవి. దీనికి సెప్పుకోదగ్గ లాగూను నేదు,” అని మొదలుపెట్టాడు. ఆ రోజు రెండో బంతి సాయంత్రం లేచింది.

సోది చెప్పేవాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. మావకీ వాళ్ళకీ తేడా ఏమిటంటే, మావ చెప్పినదాంట్లో తప్పు ఉండదు. ఇంకొకరు తప్పు చెబితే ఊరుకోడు. ఒకసారి టీవీలో ఒకాయన మినికాయ్ దీవి మాల్దీవులది అనేశాడు. మావ అన్నం ముందు నుంచి లేచి టీవీ ఎదురుగా నిలబడి, మధ్యలో ఎనిమిది డిగ్రీల కాలువ ఉందనీ, కాలువ దాటితేనే మాల్దీవులనీ, మినికాయ్ మనదేననీ వివరంగా చెప్పాడు. టీవీలో ఆయన వినిపించుకోకుండా వాతావరణంలోకి వెళ్ళిపోయాడు. మా అత్త టీవీ కట్టేసింది. నాలుగు రోజులు మావకి సరిగా ముద్ద దిగలేదు.

ఇంతటి మనిషి మాట ఊళ్ళో ఎవరు వింటారు చెప్పండి. దీవి అన్న మాట వినపడగానే చెవులు వాటంతటవే మూసుకునే విద్య గుల్లపాలెంలో పిల్లలక్కూడా వచ్చు. నేను బండి వదిలి పారిపోలేను కాబట్టి నాకు మాత్రం గట్లు, కాలువలు, కొబ్బరిచెట్లతో సహా అన్నీ వచ్చేశాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఫైలిన్ తుఫాను వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు, అంటే రెండువేల పద్నాలుగులో, మా అమ్మవారి పండగనాడు లక్ష్మణమ్మ పిన్ని కొడుకు వినోద్ తెప్పకి తాడు తెగిపోయింది. ఆ రోజు ఊళ్ళో ఎవరూ సముద్రంలో కాలు పెట్టకూడదు. అది మా కట్టుబాటు. తెప్పకి కట్టుబాట్లు తెలియవు కాబట్టి అది హాయిగా లోపలికి కొట్టుకుపోతోంది. వినోద్ చూస్తూ ఊరుకోలేక ఈదుకుంటూ వెళ్ళి వెనక్కి తెచ్చుకున్నాడు. మా కులపెద్ద జగన్నాధం గారు సభ పెట్టి, తల్లీ కొడుకులు అందరి ముందూ అమ్మవారికి మొక్కి తప్పయిందని ఒప్పుకోవాలన్నారు.

లక్ష్మణమ్మ పిన్ని మొగుడు పోయిన దగ్గర్నుంచి నెత్తిన చేపల గంప పెట్టుకుని కోటబొమ్మాళి సంత దాకా అమ్మి సంసారం ఈడ్చుకొచ్చిన మనిషి. మెడ వంచే అలవాటు లేదు, వంచితే గంప పడిపోతుంది. “తెప్ప ఎల్లిపోతంటే పసుపూ కుంకం ఎట్టి సాగనంపాలేటి? నా కొడుకు తప్పేటీ సెయ్యలేదు, నాను ఒప్పుకోను,” అంది. దాంతో వాళ్ళింటికి మాటకట్టు పడింది. అంటే ఊళ్ళో ఎవరూ వాళ్ళతో మాట్లాడకూడదు, సాయం పట్టకూడదు, సరుకు అమ్మకూడదు. ఎవరైనా కాదని మాట కలిపితే వాళ్ళింటికీ అదే కట్టు.

ఇందులో ఘోరం ఏమిటంటే వినోద్ పెళ్ళాం రాణికి అప్పటికి నెలలు నిండుతున్నాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉందనీ, నొప్పులు వచ్చేదాకా ఆగకుండా ఫలానా గురువారం పొద్దున్నే టెక్కలి ఆస్పత్రిలో చేర్చాలనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. చేర్చడానికి దారేదీ? ఊరికి ఇటు సముద్రం, అటు ఉప్పుటేరు. ఏటి మీదున్న కల్వర్టు తుఫానుకి కొట్టుకుపోయింది. నూట ఎనిమిది బండి ఆ గట్టు దాకా వస్తుంది, ఇవతలికి రాదు. మాబోటివాళ్ళం పోటు తగ్గినప్పుడు మొలలోతు నీళ్ళలో దిగి నడిచేవాళ్ళం. నిండు చూలాలిని అలా దింపలేం, తెప్ప మీద దాటించాలి. ఫైబరు తెప్పని ఇసకలోంచి నీళ్ళలోకి తొయ్యాలంటే పది మంది భుజం పట్టాలి. పట్టిన పదిళ్ళకీ మాటకట్టు. అసలు మా ఊళ్ళో ఆడవాళ్ళు తెప్ప మీద చెయ్యే వెయ్యకూడదు, అది ఇంకో కట్టుబాటు. రాణి గడప దాటడం ఎలాగా అని పిన్ని లోపల ఏడ్చిందో లేదో నాకు తెలియదు గానీ, బయటికి మాత్రం పొగ తప్ప ఇంకేమీ రాలేదు.

కట్టు పడిన మర్నాడు మా మావ నా బండి దగ్గరికి రాలేదు. ఏమైందా అని చూస్తే, లక్ష్మణమ్మ పిన్ని ఇంటి ఎదురుగా కరెంటు స్తంభం దగ్గర స్టూలు వేసుక్కూర్చుని, స్తంభానికి అటోలు ఎలా పుడుతుందో చెబుతున్నాడు. స్తంభం పక్కనే వీధి కుళాయి. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. ఇన్నాళ్ళకి లేచి వెళ్ళిపోని మనిషి దొరికాడని ఊరంతా ఒకటే వేళాకోళం.

జోగయ్య అని మా ఊళ్ళో ఒకాయన ఉన్నాడు. ఏ ఇంట్లో ఏ కూర ఉడుకుతోందో మూత తియ్యకుండా చెప్పగలడు. ఆయన పరుగున పోయి, గంగులు ఆ ఇంటి ముందు కూర్చుని మాట్లాడుతున్నాడని పెద్దకి చెప్పాడు. ఏం మాట్లాడుతున్నాడని జగన్నాధం గారు అడిగారు. దీవుల సంగతి అన్నాడు జోగయ్య. పెద్దాయన విసుక్కుని, “అది మాటేటి, గాలి. ఈడికి మాటకట్టు ఏసినా ఈడికి తెల్దు. ఇప్పుడు మాత్రం ఈడితో ఎవడు మాటాడతన్నాడు?” అన్నారు. అందులో అబద్ధం లేదు.

నాకు అనుమానం వచ్చింది మాత్రం ఆ వారంలోనే. పాల క్యాను పట్టుకుని అటుగా వెళుతుంటే మావ స్తంభానికి గొంతెత్తి చెబుతున్నాడు. కవరత్తిలో పెరటి ములగచెట్టు కింద బియ్యం, పప్పు పెట్టి ఉన్నాయనీ, చీమలు పట్టకముందే తీసుకోవడం మంచిదనీ. నేను ఠక్కున ఆగిపోయాను. ముప్ఫై ఏళ్ళ పాఠంలో కవరత్తిలో కొబ్బరిచెట్టు తప్ప ములగచెట్టు ఎన్నడూ లేదు. తల తిప్పి చూద్దును కదా, లక్ష్మణమ్మ పిన్ని పెరట్లో ములగచెట్టు కాయలతో ఊగుతోంది.

ఆ తరవాత అన్నీ ఒక్కొక్కటే కలిసొచ్చాయి. ఎలకలు బియ్యం డబ్బా మూత కూడా తీస్తున్నాయని మా అత్త కొన్నాళ్ళుగా గొడవపెడుతోంది. మావ నా దగ్గరికి వచ్చి, జీవితంలో మొదటిసారి, సాంబారు అక్కర్లేదు, గారెలు పొడిగా కట్టివ్వమని అడిగి పట్టుకుపోతున్నాడు. గారె పొడిగా తీసుకెళ్ళాడంటే అందులో దీవి లేదు, తినేవాళ్ళు ఉన్నారు. నేను ఏమీ అడగలేదు. పొట్లంలో రెండు ఎక్కువ వేశాను.

గురువారం దగ్గరపడింది. మంగళవారం నాడు జోగయ్య నా బండి దగ్గరికి వచ్చి, ఈసారి దొరికిపోయాడని చేతులు రుద్దుకున్నాడు. కడమత్‌లో కడుపుతో ఉన్న పిల్లకి నడుం నొప్పేమైనా ఉందా అని గంగులు స్తంభాన్ని అడిగాడట. లేదని ఇంట్లోంచి జవాబు వచ్చిందట. స్తంభాలకి నడుం నొప్పి రాదు, వచ్చినా చెప్పుకోవు. ఇక జగన్నాధం గారికి తప్పలేదు, సభ పెట్టాలన్నారు. ఎప్పుడు పెడదామని అందరూ అనుకుంటుంటే మావే ముందుకొచ్చి, గురువారం పొద్దున్న అయితే తనకి వీలవుతుందన్నాడు. తప్పు మోయాల్సినవాడే ముహూర్తం పెట్టడం మా ఊళ్ళో అదే మొదలు. సభ అంటే ఆ రోజు వేట ఉండదు. ఊళ్ళో మగవాళ్ళంతా సభ జరిగే పాకలో కూర్చోవాల్సిందే, వినోద్‌తో సహా. అది కూడా కట్టుబాటే.

బుధవారం సాయంత్రం కుళాయికి నీళ్ళు వచ్చే వేళకి మావ స్తంభం దగ్గర నిలబడ్డాడు. కూర్చోలేదు. బిందెలతో వరస కట్టిన ఆడవాళ్ళలో జగన్నాధం గారి భార్య గురమ్మ గారు కూడా ఉన్నారు. నేను బండి కట్టేసి వచ్చి పక్కనే నిలబడ్డాను.

“మినికాయ్‌లో ఒక ఉప్పుటేరున్నాది,” అన్నాడు మావ స్తంభంతో.

పగడపు దీవి మీద ఏరు ఉండదు. కొండ లేదు, వాగు లేదు, పడ్డ వాన పడ్డట్టే ఇసక తాగేస్తుంది, ఆ నీళ్ళు అడుగునున్న ఉప్పునీళ్ళ మీద పల్చగా తేలి నిలబడతాయి. బావి తవ్వితే దొరికేవి అవే. ఈ సంగతి ఆయన నాకు గారెలతో, అట్లతో, చివరికి ఉప్మాతో కూడా చెప్పి ఉన్నాడు. అలాంటి మనిషి నోటితో మినికాయ్‌లో ఏరు అనడానికి ఎంత కష్టపడ్డాడో ఆయన మొహం చూస్తే తెలుస్తోంది. చేదు మాత్ర నీళ్ళు లేకుండా మింగుతున్నట్టుంది.

“రేపు ఆ దీవిలో మగోల్లంతా సభలో ఉంటారు,” అన్నాడు. “ఏటికి అవతల తెల్లబండొకటొచ్చి ఆగతాది. ఒక సూలింత పిల్ల ఏరు దాటాల. తెప్ప తొయ్యడానికి మగోడొక్కడూ దొరకడు. ఆడోల్లు తెప్ప ముట్టుకోకూడదన్న కట్టు మినికాయ్‌లో నేదు.”

కుళాయి దగ్గర ఎవరూ నవ్వలేదు. గురమ్మ గారి బిందె నిండిపోయి, నీళ్ళు పొర్లి, కాళ్ళ మీదుగా కాలవ కట్టి పోతున్నా ఆవిడ కుళాయి కట్టలేదు. ఎదుటింటి తలుపు వెనకాల గాజుల చప్పుడొకటి వినపడి ఆగింది.

గురువారం పొద్దున్న పాక కిటకిటలాడింది. జగన్నాధం గారు గొంతు సవరించుకుని, కట్టు పడిన ఇంటితో మాట్లాడావా లేదా అని మావని అడిగారు. తను ఎవరితోనూ మాట్లాడలేదనీ, భూగోళం చెప్పాననీ మావ అన్నాడు. జోగయ్యని లేపి, గంగులు సరిగ్గా ఏమన్నాడో చెప్పమన్నారు. కడమత్ అన్నాడనీ, నడుం నొప్పి అన్నాడనీ, ముందూ వెనకా ఇంకా చాలా ఉందనీ, అది తను వినలేదనీ జోగయ్య చెప్పాడు. ఇంకెవరైనా విన్నారా అంటే పాకలో అందరూ నేల చూపులు చూశారు. ముప్ఫై ఏళ్ళుగా విననిది ఇప్పుడు ఎక్కణ్ణించి తెస్తారు.

జగన్నాధం గారు అప్పుడొక పొరపాటు చేశారు. “నువ్వే సెప్పు మరి, ఏటి సెప్పినావో,” అన్నారు.

“మొదట్నించా?” అన్నాడు మావ.

“మొదట్నించే.”

పాకలో ఒక మూలుగు బయల్దేరి ఆ చివర్నించి ఈ చివరికి వచ్చింది. మావ కండువా దులిపి భుజాన వేసుకుని నిప్పుల కొండ దగ్గర ఎత్తుకున్నాడు. అంత తీరిగ్గా కొండ కుంగడం నేను ఎప్పుడూ వినలేదు. ఒక్కో పగడపు పురుగునీ పేరుపేరునా కూర్చోబెట్టి గట్టు కట్టించాడు. గట్టులో పడవలు దూరే సందులు ఎటెటు ఉంటాయో చెప్పాడు. ఎవరో మెల్లిగా లేవబోతే, “కూకో రా. సగం ఇని ఎల్తే రేపు తప్పుగా సాచ్చికం సెప్తావు,” అన్నాడు. అది న్యాయమే అనిపించి, గంగులు మాట పూర్తయ్యేదాకా ఎవరూ కదలకూడదని జగన్నాధం గారు ఉత్తర్వు వేశారు. ఆ తరవాత ఆయన మొహంలో కనిపించిన పశ్చాత్తాపం నేను చాలా పెళ్ళిళ్ళలో రెండో బంతి వాళ్ళ మొహాల్లో చూశాను.

నేను మావకి ఎదురుగా కూర్చున్నాను. ఆయన నాకు చెబుతున్నట్టే ఉన్నాడు గానీ కళ్ళు నా భుజం మీదుగా ఏటి వైపున్నాయి. నేను కొంచెం తల తిప్పాను. ఇసకలో రంగురంగుల చీరలు. వినోద్ తెప్ప చుట్టూ చీమలు పట్టినట్టు ఊళ్ళో ఆడవాళ్ళంతా ఉన్నారు. ముందు వైపు భుజం ఆనించి గురమ్మ గారు. వినోద్ నా పక్కనే కూర్చుని తల ఎత్తకుండా గోళ్ళు కొరుక్కుంటున్నాడు. వాడు అటు చూడకుండా నేను మోకాలి మీద చెయ్యేసి నొక్కి పట్టాను.

తెప్ప బరువైంది. నోరు కట్టుకుని తోస్తే కదలదు. చివరికి అటునుంచి “హైలెస్సా” అని ఒక్క కేక వినపడింది. మగవాళ్ళ తలలు అటు తిరగబోయేంతలో మావ ఒక్క ఊపులో లేచి నిలబడి, రెండు చేతులూ చాచి, వానాకాలంలో అగత్తి గట్టు మీద అల ఎలా విరుగుతుందో చేసి చూపించాడు. “హో” అని మొదలై “ధబ్బు” అని ముగిసే అల. ఒకటి కాదు. అటు కేక వినపడినప్పుడల్లా ఇటు అల విరిగింది. ఒక ముసలాయన దడుచుకుని లేచి కూర్చున్నాడు. గంగులుకి పిచ్చి ముదిరిందని జోగయ్య నలుగురికీ వినపడేట్టు గొణిగాడు. నాకు నవ్వొచ్చింది.

అలలు తగ్గాక ఆయన తొమ్మిది డిగ్రీల కాలువ దాటి, దక్షిణంగా మినికాయ్ వైపు బయల్దేరాడు. “ఆ గట్టుకి తూరుపున” అని ఏదో చెప్పబోతుండగా ఏటి అవతల నుంచి నూట ఎనిమిది బండి కూత వినపడింది. మావ టక్కున నోరు మూసుకుని కూర్చున్నాడు. అటోలు సగంలో వదిలెయ్యడం ఆయన జన్మలో అదే మొదటిసారి.

జగన్నాధం గారు ముందుకి వంగి, “తూరుపున ఏటి?” అన్నారు. మావని ఎవరైనా అలా ఎదురు ప్రశ్న అడగడం కూడా అదే మొదటిసారి. మావ మాత్రం ఇక చాలన్నాడు.

అప్పుడు వచ్చారు ఆడవాళ్ళు, నడుం దాకా తడిసి, ఇసక కాళ్ళతో. గురమ్మ గారు తిన్నగా మొగుడి ముందుకొచ్చి నిలబడ్డారు. “రాణిని ఏరు దాటించీసినాం. లక్ష్మణమ్మ కూడా ఎల్లింది. తెప్ప ముట్టుకున్నాం, ఆల్లతో మాటాడినాం, అందరం. ఇప్పుడేటి సేస్తావో సెయ్యి,” అన్నారు.

జగన్నాధం గారు ఊరి పెద్ద. లెక్క తెలిసిన మనిషి. సాయం పట్టిన ప్రతి ఇంటికీ మాటకట్టు వెయ్యాలంటే ఊళ్ళో ఇళ్ళన్నిటికీ వెయ్యాలి, ముందుగా తన ఇంటికి. అప్పుడు ఏ ఇంటివాళ్ళూ ఏ ఇంటితోనూ మాట్లాడకూడదు. తన పెళ్ళాంతో తను మాట్లాడొచ్చో లేదో కట్టుబాటులో స్పష్టంగా లేదు, అన్నం పెట్టమని అడగొచ్చో లేదో అసలే లేదు. ఆయన చాలాసేపు మీసం దువ్వుకుని, ఎండ ఎక్కిందనీ, సభ అయిపోయిందనీ అన్నారు. వెళుతూ వెళుతూ వినోద్ దగ్గర ఆగి, “ఏటి కూకున్నావు? పెల్లాం దగ్గిరికెల్లవేటి?” అని కసిరారు. అంటే మాట్లాడారన్నమాట. మాటకట్టు అలా ఆయన నోటితోనే తెగింది. వాడు కాళ్ళకి చెప్పులు కూడా వేసుకోకుండా ఏటి వైపు పరిగెత్తాడు.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. తల్లీ బిడ్డా బాగున్నారు. జగన్నాధం గారు తనే అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి, ఎవరి తప్పు ఎంతో ఆ తల్లే చూసుకుంటుందని ఊరందరి తరఫునా మొక్కేశారు. నా బండి దగ్గర అందరూ నవ్వులూ కబుర్లూ. మావ ఒక్కడే బల్ల మీద కూర్చుని మథనపడుతున్నాడు. గారె పెడితే ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే చొక్కా తొడుక్కుని ఇంటింటికీ బయల్దేరాడు. ప్రతి గుమ్మంలోనూ నిలబడి, “మొన్న కుళాయి కాడ మినికాయ్‌లో ఏరున్నాదని సెప్పినాను. అది తప్పు. అక్కడ ఏరు నేదు. మనసులో ఎట్టుకోకండి,” అని చెప్పాడు. ఎవరి మనసులోనూ మినికాయే లేదు, ఏరు ఎక్కడుంటుంది. సరే అన్నవాళ్ళు సరే అన్నారు, కాఫీ తాగమన్నవాళ్ళు తాగమన్నారు. జోగయ్య అయితే కడమత్ సంగతేమిటని అడిగి అరగంట ఇరుక్కుపోయాడు.

ఆఖరికి నన్ను వెంటబెట్టుకుని టెక్కలి వచ్చాడు. ఆస్పత్రి వరండాలో లక్ష్మణమ్మ పిన్ని మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కట్టు పడ్డాక ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకోవడం అదే మొదలు. మావ బిడ్డని చూడనైనా చూడకుండా, తల వంచుకుని, ఏరు గురించి అదే పాఠం అప్పజెప్పాడు.

పిన్ని మనవరాల్ని భుజాన వేసుకుంది. “నాకు తెల్దేటి అన్నియ్యా? అక్కడ ఏరు నేదని నువ్వెన్నిసార్లు సెప్పలేదు? ఏరు అన్నావు కాబట్టే అది మినికాయ్ గాదు, మనూరని తెలిసింది. ముందు ములగసెట్టూ అంతే గదా,” అంది.

మావ తలెత్తాడు.

“రోజూ గంపెత్తుకుని శివాజీ బండి కాడికొచ్చీసరికి మెడ లాగీస్తాది. దించి కూకునీదాన్ని. నువ్వు సెప్తుంటే ఇనీదాన్ని. ఆ నీల్లూ ఆ సెట్లూ ఇంటంటే బరువు తెలీదు. ఊరోల్లందరూ లేసి ఎల్లిపోతారని నువ్వనుకుంటావు గానీ, నాను బండి ఎనకాల గోడ పక్కనే ఉండీదాన్ని. మనుసులుండే దీవులు పదీ సెప్పమంటావేటి?” అంది.

అని, మనవరాలి వీపు తడుతూ, జోలపాటలా వరసగా చెప్పింది. కవరత్తి, అగత్తి, అమిని, కడమత్, కిల్తాన్, చెత్లత్, ఆండ్రోత్, కల్పేని, మినికాయ్.

నోట్లో ఎప్పుడూ సముద్రం పెట్టుకు తిరిగే మా మావ కండువాతో మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. అంతమంది లేచి వెళ్ళిపోయిన ముప్ఫై ఏళ్ళలో ఒక మనిషి వింటూ ఉందని తెలిస్తే ఎవరికైనా అంతే అవుతుంది.

నేను మాత్రం వేళ్ళు మడుస్తూనే ఉన్నాను. పిన్ని తొమ్మిదే చెప్పింది. బిత్ర వదిలేసింది. మావ ఇప్పుడు నోరు తెరుస్తాడు, బిత్ర ఎక్కడుందో, అన్నిట్లోకీ ఎంత చిన్నదో, దాని లాగూను మాత్రం ఎంత పెద్దదో మొదలుపెడతాడు, ఇక బస్సు తప్పిపోతుందని ఆయన వైపు చూశాను.

ఆయన వంగి పిల్ల బుగ్గ మీద వేలు ఆనించి, “పదీ సెప్పీసింది రా అల్లుడూ,” అన్నాడు.

నేను కాదనలేదు.